విజయనగరం కోట, ఊరు తీరిగ్గా చూడాలంటే: రెండు రోజుల వరస, అనుమతులు, జాగ్రత్తలు

"విజయనగరం వెళ్ళాం, కోట గోడ దగ్గర ఫొటో దిగాం, గంటలో అయిపోయింది. ఇంకేముంది అక్కడ?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చూడాల్సింది లేక కాదు, చూసే పద్ధతి తెలియక అలా అవుతుంది. మొన్న దసరా ముందు కూడా చాలామంది అడిగారు, ఎలా వెళ్ళాలి, లోపలికి పంపిస్తారా, ఏది ముందు చూడాలి అని. అందుకే వరసగా రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. ఇది టికెట్టు కొని లోపలికెళ్ళి చూసే ఊరు కాదు, అడిగి చూడాల్సిన ఊరు. కోటలో కాలేజీలు నడుస్తున్నాయి. కోరుకొండలో ఒకప్పటి రాజభవనంలో సైనిక్ స్కూలు ఉంది. గుళ్ళలో రోజూ పూజలు జరుగుతాయి. అన్నీ వాడకంలో ఉన్నవే. కాబట్టి ఏ వేళకు వెళ్తున్నారు, ఎవరిని అడుగుతున్నారు అన్నదాన్ని బట్టే మీకు ఊరు కనిపిస్తుంది.

1. ముందు ఊరి పేరు సరిచూసుకోండి

చిన్న విషయంలా ఉంటుంది కానీ ఏటా ఎవరో ఒకరు పొరబడుతూనే ఉంటారు. హంపి ఉన్నది కర్ణాటకలోని విజయనగర జిల్లాలో. అది రాయల రాజధాని. మనది ఉత్తరాంధ్రలో పూసపాటి గజపతుల సంస్థానం, విశాఖకు ఈశాన్యంగా 60 కిలోమీటర్ల లోపే ఉంటుంది. మ్యాపులో వెతికేటప్పుడు "విజయనగరం, ఆంధ్రప్రదేశ్" అని పూర్తిగా కొట్టండి. రైలు టికెట్టు తీసేటప్పుడు స్టేషన్ కోడ్ వీజడ్‌ఎం అని చూసుకోండి.

హౌరా–చెన్నై మెయిన్ లైనులో ఇది జంక్షన్. బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్ళే లైను ఇక్కడే విడిపోతుంది. విశాఖ నుంచి రైలుకు గంట, కాస్త అటూ ఇటూ. ఆర్టీసీ బస్సులు రోజంతా ఉంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళకూ రైలే హాయి.

2. ఏ నెల, ఏ వారం

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు మొదటి వారాల్లో తుఫాన్ల భయం ఉంటుంది, బయలుదేరే ముందు వాతావరణం చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో రామతీర్థం కొండలెక్కే ఆలోచన పెట్టుకోకండి. ఆ ఎండకు రాయి కాలిపోతుంది, చెప్పులతో కూడా నిలబడలేం.

వారంలో ఏ రోజన్నది ఇంకా ముఖ్యం. చాలామంది ఆదివారం పెట్టుకుంటారు. గుళ్ళకైతే పరవాలేదు గానీ, కాలేజీలు, ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి అనుమతి ఇచ్చే మనిషే దొరకరు. నా సలహా: శుక్రవారం పొద్దున్నే దిగి ఊరు చూడండి, శనివారం రామతీర్థం పెట్టుకోండి. పరీక్షల నెలలు తప్పించండి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఓ ఏడాది భువనేశ్వర్ నుంచి మా మేనమామ వాళ్ళు వచ్చారు. అత్తయ్యకు పాత కట్టడాలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఒక పాత భవనం దగ్గరికి తీసుకెళ్ళాను. గేటుకు తాళం. ఎండలో అరగంట నిలబడి, ఇనప చువ్వల మధ్య నుంచి చూసి వచ్చేశాం. ఆవిడ ఏమీ అనలేదు, కానీ ఆ దూరం నుంచి మళ్ళీ రావడం ఆవిడకు కుదరనే లేదు. అప్పటినుంచి ఎవర్ని తీసుకెళ్ళినా ముందురోజే వెళ్ళి కనుక్కుంటున్నాను.

3. సంచిలో ఉండాల్సినవి

□ ఆధార్ కార్డు, ఒక జిరాక్సు కాపీ (గేటు దగ్గర అడిగితే చూపించడానికి)
□ అనుమతి కోసం రాసిన ఉత్తరం, రెండు కాపీలు
□ మనిషికి లీటరున్నర నీళ్ళు
□ టోపీ లేదా తువ్వాలు
□ అడుగున పట్టు ఉన్న చెప్పులో బూట్లో (కొండ మీద రబ్బరు చెప్పులు జారతాయి)
□ గుడి దగ్గర చెప్పులు విప్పాక వేసుకోవడానికి మేజోళ్ళు (ఎండాకాలం అయితే)
□ చిల్లర, పది ఇరవై నోట్లు
□ చిన్న నోటు పుస్తకం, పెన్ను

నోటు పుస్తకం ఎందుకంటారా? ఇక్కడ బోర్డులు తక్కువ, మనుషులు చెప్పేవి ఎక్కువ. సాయంత్రానికి సగం మర్చిపోతాం.

4. అనుమతి అడగడం: అసలు పని ఇదే

కోట ఆవరణ మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థల చేతిలో ఉంది. 1958లో ఇక్కడి రాజవంశీకులు పి.వి.జి. రాజు గారు తండ్రి అలక్ నారాయణ గజపతి పేరున ఆ ట్రస్టు పెట్టి, కోటను చదువులకు ఇచ్చారు. కాబట్టి మీరు అడుగు పెడుతున్నది ఒక కాలేజీలోకి. అందులో మహిళా కళాశాల కూడా ఉంది. కెమెరా మెడలో వేసుకుని నేరుగా నడిచిపోతే వాచ్‌మన్ ఆపుతారు. ఆపడం ఆయన ధర్మం.

వరస ఇలా పెట్టుకోండి.

మొదటి మెట్టు: గేటు దగ్గర ఉన్న మనిషితో మర్యాదగా మాట్లాడండి. ఆయనకు తెలిసినంత ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఏ ఆఫీసులో ఎవరు ఎప్పుడు ఉంటారో ఆయనే చెబుతారు. ఓసారి నేను వెళ్ళేసరికి లోపల పరీక్షలు నడుస్తున్నాయి.

"ఏటి బాబూ, ఎవురు కావాల?"

"కోట చూద్దామని వచ్చామండి. లోపల ఎవరిని అడగాలి?"

"ఇయాల పరీక్షలు బాబూ. రెండు దాటినాక రండి, ఆఫీసులో కాయితం ఇచ్చి ఎల్దురు గాని."

రెండున్నరకు వెళ్ళాం. ఆయనే ఆఫీసు దాకా వచ్చి చూపించారు. "పంపరా? ఎందుకు పంపరు?" అని గొంతు పెంచి ఉంటే ఆ రోజు అక్కడితో సరి.

రెండో మెట్టు: ఉత్తరం ఇవ్వండి. తెలుగులోనే రాయండి, పొడుగు వద్దు. ఈ నమూనా వాడుకోవచ్చు.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు. మేము ఫలానా ఊరి నుంచి నలుగురం విజయనగరం కోట చూడటానికి వచ్చాము. తరగతులకు ఇబ్బంది లేని వేళలో, మీరు చెప్పిన మేరకే, బయటి కట్టడాలు చూసి వెళ్తాము. విద్యార్థినుల ఫొటోలు తీయము. ఇప్పుడు కుదరకపోతే ఏ వేళకు రమ్మంటారో దయచేసి చెప్పగలరు. ఇట్లు, పేరు, ఊరు, సంతకం."

"విద్యార్థినుల ఫొటోలు తీయము" అన్న వాక్యం తీసేయకండి. వాళ్ళకు ఉండే పెద్ద అనుమానం అదే. ముందే రాతలో తీర్చేస్తే సగం పని అయిపోయినట్టే.

మూడో మెట్టు: కాదంటే కాదనే తీసుకోండి. వెనక దారి వెతకొద్దు. కోట బయటి నుంచి చూడటానికి పూటంతా సరిపడా ఉంది.

నాలుగో మెట్టు: డ్రోన్ ఎగరేయాలన్న కోరిక ఉంటే ఇంట్లోనే వదిలి రండి. కాలేజీల మీద, జనం మీద ఎగరేస్తే పోలీసుల దాకా వెళ్తుంది.

5. మొదటి రోజు పొద్దున: కోట చుట్టూ

ఆరున్నరకల్లా కోట దగ్గర ఉండండి. కాలేజీ పిల్లలు, ఆటోలు రాకముందు గంటన్నర నిశ్శబ్దం దొరుకుతుంది. ఆ గంటన్నరే రోజంతటికీ విలువైనది.

ముందు నగారాఖానా ఎదుట రోడ్డుకు అవతల నిలబడండి. ఇది ప్రధాన ద్వారం. రాజు వస్తున్నా, ప్రజలకు ఏదైనా ఉత్తర్వు చెప్పాలన్నా పైనుంచి నగారా మోగించేవారు. చాలామంది గేటు కిందికి వెళ్ళిపోయి తలెత్తి ఫొటో తీస్తారు, అప్పుడు కమాను తప్ప ఏమీ పడదు. అవతలి పక్క నుంచి చూస్తే కింద ద్వారం, పైన అంతస్తు, పక్కల గోడ, అన్నీ కలిసి కనిపిస్తాయి.

తర్వాత గోడ వెంట నడవండి. కోట చదరం, ఒక్కో పక్క 240 మీటర్లు. అంటే చుట్టుకొలత కిలోమీటరుకు కాస్త తక్కువ. గోడ ఎత్తు సుమారు 10 మీటర్లు. నాలుగు మూలలా నాలుగు బురుజులు. నడిచేటప్పుడు ఈ మూడు చూడండి:

□ బురుజు గోడతో కలిసే చోటు. తిన్నని గోడ గుండ్రానికి ఎలా తిరిగిందో, రాళ్ళ వరసలు ఎలా వంగాయో దగ్గర నుంచి చూడండి.
□ కోట చుట్టూ ఉన్న కందకం ఆనవాళ్ళు. నేల ఎక్కడ పల్లమైందో గమనిస్తే దొరుకుతాయి.
□ అవతలి వైపున్న చిన్న ద్వారం. నగారాఖానాకు చిన్న చెల్లెల్లా ఉంటుంది.

ఓ చోట ఆగి గోడకు అరచేయి ఆనించి చూడండి. పొద్దున రాయి చల్లగా, కాస్త తడిగా ఉంటుంది. రాళ్ళ సందుల్లో సున్నం అక్కడక్కడా పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. దాన్ని గోకకండి. రావి మొక్క వేరు ఒకటి సందులో దూరితే రాయిని ఎంత పక్కకు నెట్టేస్తుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. మొక్క చిన్నదే కదా అని పీకితే రాయి కూడా ఊడి వస్తుంది. కనిపిస్తే లోపలి ఆఫీసులో ఒక మాట చెప్పి వెళ్ళండి.

కోటకు శంకుస్థాపన 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు అయిందని చెబుతారు. ఊరి పేరు ఎందుకు వచ్చిందని పిల్లలు అడిగితే ఇంతవరకు చాలు.

ఎనిమిదిన్నరకు టిఫిన్‌కు వెళ్ళిపోండి. అనుమతి ఉంటే వాళ్ళు చెప్పిన వేళకు మళ్ళీ రండి.

6. పదిన్నర నుంచి: గురజాడ ఇల్లు, సంగీత కళాశాల, బొంకుల దిబ్బ

ఇవన్నీ పాత ఊళ్ళోనే, కోటకు దగ్గరలోనే. ఆటో అవసరం లేదు.

గురజాడ అప్పారావు గారి ఇంటికి ముందు వెళ్ళండి. ఆయన 1915లో పోయారు. ఇల్లు స్మారకంగా ఉంచారు, ఆయన వాడిన వస్తువులు, ఫొటోలు చూడొచ్చు. దారి అడిగేటప్పుడు "గురజాడ మ్యూజియం" అంటే కొందరికి వెంటనే తట్టదు, "గురజాడ వారి ఇల్లు" అనండి. పెద్ద హాళ్ళు, అద్దాల పెట్టెలు ఊహించుకుని వెళ్ళి, ఇంతేనా అనుకోవద్దు. ఇది ఒక ఇల్లు. ఒక్కో గదిలో కాసేపు కూర్చున్నట్టుగా చూడాలి. వీధి వైపు నిలబడి ఆ గుమ్మం చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అక్కడి నుంచి బొంకుల దిబ్బ. కన్యాశుల్కం చదివినవాళ్ళకు ఆ పేరు చెబితే చాలు, మొదటి రంగం అక్కడే. ఇప్పుడు మామూలు వీధులూ జనమే, నాటకంలోని చోటు కోసం ఫలకం వెతక్కండి.

తర్వాత మహారాజా సంగీత నృత్య కళాశాల. 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు. చూడటం కన్నా వినడం ముఖ్యమైన చోటు ఇది, అందుకే పనిదినంలోనే వెళ్ళాలి. ఆఫీసులో అడిగి, తరగతి జరుగుతున్న గదికి దూరంగా వరండాలో నిలబడండి. ఒక గదిలో సరళీ స్వరాలు, ఇంకో గదిలో మృదంగం, మరో మూల గజ్జెలు. పది నిమిషాలు మాట్లాడకుండా ఉంటే చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. రికార్డు చేయాలంటే గురువుగారిని అడిగి తీరాలి.

7. సాయంత్రం: గంటస్తంభం, మూడు లాంతర్లు, చదురు గుడి

నాలుగున్నర దాటాక బయలుదేరండి. గంటస్తంభం ఎనిమిది పలకల కట్టడం, ఊరికి నట్టనడుమ. చుట్టూ బజారు, సైకిళ్ళు, ఆటోలు. ఇక్కడ ఫొటో తీయాలని రోడ్డు మధ్యకు వెళ్ళొద్దు. ఏదో ఒక దుకాణం మెట్టు ఎక్కితే చాలు, "ఒక్క ఫొటో తీసుకుంటామండి" అంటే కాదనేవాళ్ళు ఉండరు.

మూడు లాంతర్లు గురించి ఒక హెచ్చరిక. పాత పుస్తకాల్లో కనిపించే 1869 నాటి మూడు లాంతర్ల స్తంభాన్ని 2020 మే నెలలో కూల్చేశారు. ఆ ఫొటో చేత్తో పట్టుకుని కూడలిలో వెతికితే దొరకదు. ఊరివాళ్ళకు అది ఇంకా మానని పుండు, ఎవరైనా పెద్దాయన ఆ మాట ఎత్తితే ఓపిగ్గా వినండి.

పక్కనే పైడితల్లి అమ్మవారి చదురు గుడి. వనం గుడి రైల్వే స్టేషన్ దగ్గర వేరే ఉంది. "పైడితల్లి గుడికి" అని ఆటో ఎక్కితే ఒక్కోసారి రెండో దానికి తీసుకెళ్తారు. చదురు గుడో వనం గుడో ముందే చెప్పండి. 1757లో బొబ్బిలి యుద్ధం నాటి కథతో ముడిపడిన తల్లి ఈమె, విజయరామరాజు చెల్లెలని, ఆ తర్వాత పెద్దచెరువులో విగ్రహం దొరికిందని ఊరంతా చెబుతారు. రాజుల కథ సగం కోటలో ఉంటే మిగతా సగం ఈ గుళ్ళో ఉంది. కోట చూసి గుడి చూడకుండా వెళ్ళిపోకండి.

వెలుతురు ఉంటే పెద్దచెరువు గట్టు మీద కాసేపు కూర్చుని రోజు ముగించండి.

8. సిరిమాను రోజు రావాలనుకుంటే

ఇది వేరే లెక్క. పైన చెప్పిన వరస ఏదీ ఆ రోజు పనిచేయదు.

విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్ళు. క్యాలెండర్‌లో దసరా చూసి ఆ రోజుకే టికెట్లు తీసి, నాలుగైదు రోజుల ముందే వచ్చి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. దసరా తర్వాతి మంగళవారం అని గుర్తుపెట్టుకోండి.

సిరిమాను అంటే చింతమాను. అమ్మవారు పూజారి కలలో కనిపించి ఫలానా చోట ఉన్న చెట్టు అని చెబుతుందని నమ్మకం. దాన్ని తెచ్చి, చెక్కి, బండికి కడతారు. చివరన ఆసనంలో పూజారి కూర్చుంటారు, అమ్మవారే కూర్చున్నట్టు. మాను లేచేసరికి ఆయన మేడల కన్నా ఎత్తున ఉంటారు. చదురు గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం అరటిపళ్ళు విసురుతారు. లక్షల మంది వస్తారు.

ఆ రోజు ఇలా చేయండి:

1) సోమవారం మధ్యాహ్నానికే ఊళ్ళో ఉండండి. బస గుళ్ళకు నడిచి వెళ్ళే దూరంలో, నెల ముందే చూసుకోండి. దొరక్కపోతే విశాఖలో ఉండి పొద్దున్నే రైలుకు రండి.

2) మంగళవారం పొద్దున్నే దర్శనం చేసుకోండి. మధ్యాహ్నం తర్వాత క్యూ కదలదు.

3) మధ్యాహ్నం భోజనం పెందలాడే ముగించి, ఒకటిన్నరకల్లా నిలబడే చోటు పట్టుకోండి. దారి మధ్యభాగంలో నిలబడితే మాను తిరిగిన ప్రతిసారీ మీ ముందు నుంచే పోతుంది. గుడి ఎదుట, కోట ఎదుట తొక్కిసలాట ఎక్కువ.

4) చిన్నపిల్లలు ఉంటే తెలిసినవాళ్ళ మేడ మీద చోటు అడగండి. ఈ ఊళ్ళో ఆ రోజు చుట్టాల చుట్టాలకు కూడా మేడ ఇస్తారు. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాయితం పెట్టండి.

5) మెడలో బంగారం వద్దు. ఫోన్ ముందు జేబులో ఉంచండి.

6) విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. జనంలో ఫోన్లు సరిగ్గా కలవవు. గంటస్తంభం దగ్గర అనుకోకండి, అందరూ అక్కడే అనుకుంటారు. కాస్త పక్క వీధిలో మీరు టిఫిన్ తిన్న హోటలు మంచిది.

7) మాను ఆగగానే స్టేషనుకు పరుగెత్తొద్దు. గంట ఆగండి. మొదటి ఒత్తిడి తగ్గాక దారి దొరుకుతుంది.

9. రెండో రోజు: రామతీర్థం, దారిలో సారిపల్లి

ఊరికి సుమారు 12 కిలోమీటర్లు, నెల్లిమర్ల మీదుగా. బస్సులున్నాయి గానీ మధ్యలో సారిపల్లి కూడా చూడాలంటే పూటకు ఆటో మాట్లాడుకోవడమే మేలు. ఎక్కే ముందే మూడు విషయాలు తేల్చుకోండి: ఎన్ని చోట్ల ఆగాలి, ఎంతసేపు ఆగాలి, మొత్తం ఎంత. "మీరే చూసి ఇవ్వండి బాబూ" అన్నా సరే, అంకె చెప్పించుకోండి. దిగేటప్పుడు ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

రామతీర్థంలో చాలామంది కింద రామాలయం చూసి, ప్రసాదం తీసుకుని వచ్చేస్తారు. కొండల మీద ఉన్నది తెలియక అంతే. బోధికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండ అని మూడు కొండలున్నాయి. గురుభక్తుల కొండ మీద బౌద్ధ ఆరామాల, స్తూపాల ఇటుక కట్టడాలు, దుర్గకొండ మీద జైన తీర్థంకరుల విగ్రహాలు. ఒకే ఊళ్ళో రాముడు, బుద్ధుడు, జినుడు.

ఒక్క పూటలో మూడు కొండలూ ఎక్కాలని చూడకండి. గురుభక్తుల కొండ ఒక్కటి నింపాదిగా ఎక్కండి. ఏడింటికి మొదలుపెట్టి పదిలోపు దిగిపోవాలి. కింద ఊళ్ళో దారి అడిగి, వీలైతే అక్కడి మనిషి ఒకర్ని తోడు తీసుకెళ్ళి, దిగాక చేతిలో ఏదో పెట్టండి. ఒంటరిగా వెళ్ళొద్దు, వాన పడిన మర్నాడు వెళ్ళొద్దు.

పైన ఇటుకలు చూడండి. మన ఇళ్ళకు వాడేవాటి కన్నా బాగా పెద్దవి, వెడల్పు, బరువు. వరసల మధ్య ఊడి కింద పడినవి కూడా ఉంటాయి. గుర్తుగా ఒక ముక్క తెచ్చుకుందామని, సరదాగా పేర్చి ఫొటో తీద్దామని అనిపిస్తే ఆగండి. ఏ ఇటుక ఎక్కడ పడిందన్నది కూడా తవ్వకాలు చేసేవాళ్ళకు ఒక ఆధారం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. పేర్లు చెక్కేవాళ్ళు కనిపిస్తే చూసి ఊరుకోకండి, మర్యాదగా ఒక మాట చెప్పండి.

శివరాత్రికి, శ్రీరామనవమికి ఇక్కడ జనం విపరీతంగా ఉంటారు. కొండలు చూడటానికి ఆ రోజులు కావు.

తిరిగొచ్చేటప్పుడు సారిపల్లి దిబ్బి లింగేశ్వర స్వామి గుడి. చిన్నదే. మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారని తొందరపడక్కర్లేదు, ఇక్కడ చూడాల్సింది బయటి గోడల మీది శిల్పం. చుట్టూ ఒకసారి వేగంగా, రెండోసారి నెమ్మదిగా తిరగండి. మొదటిసారి కళ్ళకు ఆననివి రెండోసారి కనిపిస్తాయి.

10. ఇంకో రోజు ఉంటే

బొబ్బిలి, లేదా పద్మనాభం. రెండూ ఒకే రోజు కుదరవు, దిక్కులు వేరు.

బొబ్బిలికి రైలు సుఖం. యుద్ధ స్తంభం చూడండి. కోట రాజవంశీకులది, గేటు దగ్గర అడగకుండా లోపలికి వెళ్ళొద్దు. నేనైతే బొబ్బిలి వెళ్ళేది వీణల కోసం. గొల్లపల్లిలో పనస దుంగ ఒక్కదాన్ని తొలిచి కుండ, పొడవాటి దండి, చివర జంతువు తలలా ఉండే యాళి అన్నీ ఒకే చెక్కలో తీస్తారు, అదే ఏకాండి వీణ. ఉలి పడుతుంటే పసుపు పచ్చని పొట్టు రాలుతుంది. మధ్యమధ్య కుండను వేలి కణుపుతో తట్టి చెవి ఆనిస్తారు, ఎక్కడ ఇంకా మందంగా ఉందో మోతను బట్టి తెలుస్తుందట. తర్వాత 24 మెట్లు మైనంలో నిలబెడతారు. ఆ మైనం మెత్తగా ఉన్నప్పుడు ఎవరైనా వేలు పెడితే శ్రుతి చెడిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి సర్దాలి. అందుకే పిల్లల్ని చేయి పట్టుకుని ఉంచండి, ముట్టుకునే ముందు అడగండి. బహుమతికి చిన్న వీణలు దొరుకుతాయి. చెప్పిన ధరకు సగం అడగొద్దు. ఎన్ని రోజుల పనో కళ్ళారా చూశాక అడగబుద్ధి కాదు కూడా.

పద్మనాభం విశాఖ జిల్లాలోకి వస్తుంది. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగింది ఇక్కడే. కొండ మీద అనంత పద్మనాభ స్వామి, కింద కుంతీమాధవ స్వామి. మెట్లు వెయ్యికి పైగా. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గుడితో ఆగిపోవచ్చు. పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

మధ్యాహ్నం పన్నెండు, నాలుగు మధ్య గుళ్ళకు వెళ్ళడం: చాలా గుళ్ళు మూసి ఉంటాయి. ఆ వేళ భోజనానికి, విశ్రాంతికి, లేదా అనుమతి దొరికితే కోట లోపలికి పెట్టుకోండి.

కారులో ఊళ్ళో తిరగడం: పాత ఊరి వీధులు ఇరుకు, పార్కింగ్ దొరకదు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. కారు బస దగ్గరే వదిలి నడవండి.

కోరుకొండ ప్యాలెస్ చూద్దామని నేరుగా వెళ్ళడం: 1962 నుంచి అది సైనిక్ స్కూలు. అనుమతి లేకుండా గేటు దాటనివ్వరు. ముందుగా రాసి, జవాబు వస్తేనే వెళ్ళండి.

అన్నీ ఒక్క రోజులో: పొద్దున రామతీర్థం, మధ్యాహ్నం కోట, సాయంత్రం బొబ్బిలి అని లెక్క వేసుకుంటే మూడూ సగం సగమే. ఒక్క రోజే ఉంటే 5, 6, 7 చేయండి, మిగతావి ఇంకోసారికి ఉంచండి.

పెద్దవాళ్ళను గోడ వెంట నడిపించడం: కిలోమీటరే అయినా కూర్చోవడానికి చోటు తక్కువ. వాళ్ళను నగారాఖానా దగ్గర కూర్చోబెట్టి మీరు చుట్టి రండి, తర్వాత గంటస్తంభం దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళండి.

12. బయలుదేరే రోజు

సామాను స్టేషన్‌లో దించాక రైలుకు గంట టైముంటే వెయిటింగ్ హాల్లో కూర్చోకండి. వనం గుడి దగ్గరే. ఒకరు సామాను దగ్గర ఉండి, మిగిలినవాళ్ళు వెళ్ళి, వచ్చాక మారండి. మొన్న చూసిన చదురు గుడి కిక్కిరిసి ఉంటుంది కదా, ఇక్కడ పొద్దుటి పూట చెట్టు కింద నిలబడి దండం పెట్టుకునేంత చోటు ఉంటుంది. చలికాలమైతే దారిలో తేగలు అమ్మేవాళ్ళు కనిపిస్తారు. ఒక కట్ట కొనుక్కోండి, విశాఖ వచ్చేదాకా నములుతూ వెళ్ళొచ్చు.